మూడు నిలువుల సముద్రం, జానెడు సముద్రం

పెన్న సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక పట్టపుపాళెం, అంటే చేపలు పట్టేవాళ్ళ ఊరు, ఉంది. దాని పేరు రాయడం లేదు. ఎందుకో చదువుతూ పోతే తెలుస్తుంది. నెల్లూరులో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పదిహేనేళ్ళుగా నాది ఒకటే పని. ప్రొజెక్టరు, తెర, స్పీకరు ఆటోలో వేసుకుని ఊళ్ళకు పోయి బొమ్మ చూపించడం, ఆ తర్వాత జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించడం. పొగాకు మీద చూపించాను, అతిసారం మీద చూపించాను, తుపాను జాగ్రత్తల మీద లెక్కలేనన్నిసార్లు చూపించాను. ఇక్కడ కేసుగా, అంటే పాఠం నేర్చుకోదగ్గ ఒక అనుభవంగా, రాస్తున్నది మాత్రం 2019లో ఆ పాళెంలో వేసిన వాతావరణ మార్పు డాక్యుమెంటరీ గురించి. మా రిజిస్టరులో ఆ ప్రదర్శన ఎదురుగా ‘విజయవంతం’ అని ఉంది. రాసింది నేనే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మోటారు బోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ మగవాళ్ళు ఒడ్డున చెట్ల నీడన వలలు అల్లుకుంటూ, బోట్లకు అతుకులు వేసుకుంటూ ఉంటారు. మాలాంటివాళ్ళకు అదే అదను. మే నెలలో ఒక రాత్రి రామాలయం ముందు తెర కట్టాం. ఏడున్నరకు మొదలుపెట్టాలనుకున్నది, పిల్లలు తెర ముందు ఎగురుతూ ఉంటే ఎనిమిదిన్నర అయింది.

సినిమా ‘యాన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్’. 2006లో వచ్చింది. డేవిస్ గుగెన్‌హైమ్ తీశాడు, అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ తెర మీద నిలబడి పాఠం చెప్తాడు. ఆస్కార్ వచ్చింది. మరుసటి ఏడు, 2007లో, గోర్‌కూ, వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీకీ కలిపి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. వాతావరణం మీద సినిమా అనగానే మా ఆఫీసులో అందరి నోటా వచ్చిన పేరు అదే. తెలుగు గొంతు ఉన్న కాపీ మా దగ్గర లేదు. అందుకని శబ్దం తగ్గించి, పక్కన కుర్చీ వేసుకుని, మైకులో నేనే తెలుగు చెప్పాను. తోలుబొమ్మలాటలో తెర వెనక కూర్చున్నవాడి పని లాంటిదే, కాకపోతే నేను తెర పక్కన ఉన్నాను, అందరికీ కనబడుతూ. ఇది చిన్న విషయం అనుకున్నాను. కాదు. గోర్ అన్నవన్నీ ఆ రాత్రి నేను అన్నట్టే లెక్క.

మొదటి పది నిమిషాల్లోనే ఒకాయన అడిగాడు, "ఈయన ఎవురు సామీ?" అని. ఉపాధ్యక్షుడిగా చేశాడు, 2000లో అధ్యక్షుడిగా పోటీచేసి ఓడిపోయాడు అన్నాను. "ఓడిపొయ్యాక ఊరూరూ మీటింగులు పెట్టుకుంటా తిరగతా ఉండాడా, మనోళ్ళ మాదిరే" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో సగం నమ్మకం పోయింది. మిగతా సగం కప్ప దగ్గర పోయింది. మెల్లగా కాగే నీళ్ళలో కప్ప కదలకుండా కూర్చుంటుందని సినిమాలో ఒక బొమ్మల ముక్క ఉంది. ఒక పెద్దామె, ఎండుచేపల గంపలు మోసి మోసి నడుం వంగినామె, "కప్ప అంత తిక్కదా అబ్బయా? కాళ్ళకి వేడి తగిల్తే ఎగిరి దూకదా?" అంది. ఆమె చెప్పిందే నిజం. కప్ప దూకుతుంది. ఆ పోలిక ఎక్కడెక్కడో ఎందరో వాడారు గానీ ఒక్క కప్పను కూడా అడిగినట్టు లేదు.

కార్బన్ డయాక్సైడ్ గీత ఎక్కడికో పైకి పోయిందని చూపడానికి గోర్ ఒక లిఫ్టు ఎక్కుతాడు. అమెరికా ప్రేక్షకులకు ఆ సీను గుర్తుండిపోయిందంటారు. మా దగ్గర పిల్లలు చప్పట్లు కొట్టారు, లిఫ్టుకి. గీత ఎవరికీ పట్టలేదు. హవాయిలో మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళలో 315 పాళ్ళ దగ్గర ఉంది, సినిమా వచ్చేనాటికి 380 దాటింది, ఇప్పుడు 420 పైన. ఈ అంకెలు నాకు కంఠతా వచ్చు. వాళ్ళకు వాటితో పనేముంది? పైగా నేను ‘హరితగృహ వాయువులు’ అన్నాను. హరితం అంటే పచ్చదనం, గృహం అంటే ఇల్లు, రెండూ మంచివే కదా. వెనక వరసలో ఒకతను పక్కవాడిని అడగడం నాకు వినబడింది, కొత్త ఇళ్ళ పథకమా అని. సరిదిద్దుకుందామని ‘భూమి చుట్టూ పొగ దుప్పటి’ అన్నాను. అది ఇంకా చేటు చేసింది. "మా పొయ్యిల పొగేనా?" అని ఆడవాళ్ళు నొచ్చుకున్నారు. మన దేశంలో మనిషికి ఏడాదికి రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్క వస్తే అమెరికాలో పద్నాలుగు పైన వస్తుందని, మీ పొయ్యి కాదు తల్లీ అని చెప్పాల్సి వచ్చింది. ఆ మాటకు మాత్రం తలలు బాగా ఊగాయి. తప్పు మనది కాదు అంటే వినడానికి ఎవరికైనా ఇష్టమే, నాకూ ఇష్టమే.

తర్వాత మంచు కరిగే దృశ్యాలు వచ్చాయి, పటాలు వచ్చాయి. గ్రీన్‌లాండ్ గానీ పడమటి అంటార్కిటికా గానీ కరిగిపోతే సముద్రం 20 అడుగులు లేస్తుందని, ఫ్లోరిడా, షాంఘై, కలకత్తా, బంగ్లాదేశ్, న్యూయార్క్ ఎలా మునుగుతాయో నీలం రంగు పాకిస్తూ చూపిస్తాడు. అప్పటిదాకా బీడీలు, గుసగుసలు, కుక్కల అరుపులు. ఆ పటాల దగ్గర ఒక్కసారిగా ఊరు మూగబోయింది. నేను సినిమా ఆపాను. ఆ నిశ్శబ్దం నాకు మత్తెక్కించింది, ఒప్పుకోవాలి. మైకు తీసుకుని "ఇరవై అడుగులంటే మూడు నిలువుల పైన. మన పాళెం సంగతీ ఇంతే" అన్నాను.

ముందు వరసలో కూర్చున్న పెద్దకాపు, అంటే ఊరి పెద్ద, డెబ్భై దాటినాయన, 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను గాలిని తెప్ప మీద చూసినాయన, ఒక్క మాట అడిగాడు.

"ఎప్పుడు సామీ?"

నా దగ్గర జవాబు లేదు. లేదని చెప్పాల్సింది. "ఇంకో యాభై ఏళ్ళు పట్టొచ్చేమో" అనేశాను. ఆయన తల ఊపి ఊరుకున్నాడు. చివర్లో ‘వాతావరణ మార్పు నిజమని ఎంతమంది నమ్ముతున్నారు’ అని చేతులెత్తమంటే అందరూ ఎత్తారు, తల్లి ఒళ్ళో నిద్రపోతున్న పిల్లాడి చెయ్యి కూడా ఎవరో పట్టుకుని ఎత్తారు. ఆ చేతులు లెక్కపెట్టుకునే ‘విజయవంతం’ అని రాశాను.

ఆయన అడిగిన ప్రశ్నే లండన్ హైకోర్టులో 2007లో వచ్చిందని నాకు చాలా తర్వాత తెలిసింది. ఆ సినిమాను బళ్ళలో చూపించొద్దని ఒకాయన కేసు వేశాడు. జడ్జి బర్టన్ సినిమా సారాంశం సరైనదేనన్నాడు, చూపించొద్దనలేదు. కానీ తొమ్మిది చోట్ల శాస్త్రవేత్తల ఏకాభిప్రాయం దాటి పోయిందని, టీచర్లు ఆ సంగతి చెప్పి చూపించాలని అన్నాడు. ఆ తొమ్మిదిలో ఒకటి ఈ 20 అడుగులే. అంత మంచు కరగడానికి వేల ఏళ్ళు పడుతుంది, రేపోమాపో అన్నట్టు చూపడం కుదరదని. సినిమాలో గోర్ తేదీ చెప్పడు. చెప్పకపోవడం వల్లే రేపో ఎల్లుండో అనిపిస్తుంది. యాభై ఏళ్ళన్న తేదీ మాత్రం నా సొంతం. అది ఏ శాస్త్రవేత్త నెత్తినా పెట్టలేను.

ఇక్కడితో అయిపోతే ఇది ఒక పొరపాటు కథ. ఇది కేసుగా రాయడానికి కారణం తర్వాత జరిగింది.

పాళేనికీ సముద్రానికీ మధ్య ఒక ఇసుక దిబ్బ ఉంటుంది. దాని వెనక సరుగుడు తోపు. 2004 డిసెంబరు సునామీ నాటి మాట ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు, దిబ్బ ఉన్న పక్క నీళ్ళు నెమ్మదిగా వచ్చాయని, లేని పక్క పరిగెత్తుకుని వచ్చాయని. ఊరికి దక్షిణాన రొయ్యల గుంటలు. గుంటలకు ఉప్పునీళ్ళ పైపులు వేసుకోవాలన్నా, ట్రాక్టర్లు తిరగాలన్నా ఆ దిబ్బ అడ్డం. గుంటల ఆసామి ఒకాయన చాలా కాలంగా దారి అడుగుతున్నాడు. కాపులు ఒప్పుకోవడం లేదు. ఆ పాళేల్లో కాపులంటే కులం పేరు కాదు, ఊరి పెద్దలు. వాళ్ళు కట్టే కట్టుబాటును దురాయి అంటారు. దురాయి దాటినవాడితో ఊరు మాట్లాడదు, జరిమానా కట్టిందాకా వేటకు రానివ్వదు. దాని మంచి చెడ్డలు వేరే కథ.

కరోనా రోజుల్లో మేం అటు పోలేదు. 2022 మొదట్లో పోయి చూస్తే దిబ్బలో లారీ పట్టేంత గండి. అటూ ఇటూ సరుగుడు చెట్లు లేవు. ఏమైందని అడిగితే ఒక కుర్రాడు చెప్పాడు. ఆసామి వచ్చి పెద్దలను కూర్చోబెట్టుకుని అన్నాడట, "సముద్రమే మూడు నిలువులు లేస్తాదంట కదా, మీరే సినిమాలో చూసినారు. యాభై ఏళ్ళకి ఊరే ఉండదు. ఇంక ఈ దిబ్బ ఉంటే ఎంత, పోతే ఎంత? గుడికి ఏదన్నా రాయించుకోండి." రాయించుకున్నారు. రామాలయానికి కొత్త గ్రిల్లు వచ్చింది.

నా సినిమా ఆ ఊరిని ఒప్పించింది. ఒప్పించలేదన్న ఫిర్యాదుకు తావే లేదు.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఇంకోటి కూడా కనబడింది. ఒడ్డు కోసుకుపోతుంటే ముందు వాళ్ళు కారణాలు వెతికేవాళ్ళు. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. రేవుకోసమని సముద్రంలోకి రాతిగోడ కడితే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోత పడుతుంది. మద్రాసు రేవు కట్టినాక రాయపురం వైపు జరిగింది అదే. ఏటి మీద ఆనకట్టలు కడితే ఏరు తెచ్చే ఇసుక తగ్గుతుంది, ఏటి ఇసుక తవ్వి అమ్మితే ఇంకా తగ్గుతుంది. ఇవన్నీ పాళెం పెద్దలకు నాకంటే బాగా తెలుసు. అలాంటిది 2022లో ఏది అడిగినా "అంతా వాతావరణ మార్పు సార్" అంటున్నారు. నేనిచ్చిన మాటే. తుపానుకు దేవుణ్ణి అనుకున్నట్టు కోతకు వాతావరణాన్ని అనుకుంటున్నారు. అర్జీ రాయడానికి ఎదురుగా ఎవరూ లేకుండా పోయారు. ఒక్క చేపల విషయంలోనే నా మాట పనిచెయ్యలేదు. చేపలు ఎందుకు తగ్గాయంటే ఇప్పటికీ ఒకటే జవాబు, తమిళనాడు నుంచి వచ్చే కడలూరు బోట్లు. అక్కడ ఎదురుగా మనిషి ఉన్నాడు, బోటు ఉంది, తెగిన వల ఉంది.

ఈ సినిమా మీద అమెరికాలో జరిగిన రెండు పరిశీలనలు తర్వాత చదివాను. సినిమా హాలు నుంచి బయటికి వచ్చినవాళ్ళకు విషయం బాగా తెలిసింది, ఏదో చెయ్యాలన్న కోరికా పెరిగింది, నెల తర్వాత అడిగితే ఆ కోరిక పనిగా మారలేదు, అని ఒకటి. సినిమా ఆడిన హాళ్ళకు 10 మైళ్ళ లోపు ఉన్నవాళ్ళు స్వచ్ఛందంగా కార్బన్ ఆఫ్‌సెట్లు (తాము వదిలిన కార్బన్‌కు బదులుగా ఇంకోచోట తగ్గించడానికి కట్టే డబ్బు) కొనడం 50 శాతం పెరిగింది, ఏడాది తర్వాత ఆ ఊపు నిలిచిన ఆధారం దొరకలేదు, అని ఇంకోటి. నేను లెక్కపెట్టిన చేతులు కూడా ఆ హాలు గుమ్మం దగ్గరి లెక్కే.

మధ్యలో కనిగిరి సంగతి ఒకటి చెప్పాలి. అదే సినిమా 2019 జూన్‌లో ప్రకాశం జిల్లా మెట్టలో ఒక ఊళ్ళో వేశాం. ఫ్లోరైడు నీళ్ళ ప్రాంతం. తాగేవి క్యాను నీళ్ళు, బత్తాయి తోటలు ఎండిపోయి నరికేసిన పొలాలు. అరగంటకే సగం మంది లేచిపోయారు. ఒక గొర్రెల కాపరి మాత్రం చివరిదాకా ఉండి అడిగాడు, "సముద్రం పెరిగితే మాకు నీళ్ళు దగ్గిరికొస్తాయా అన్నా?" అని. నవ్వొచ్చింది గానీ ఆ ఊరికి సముద్రం బొమ్మ చూపించడమే తప్పు. 2015 మే వడగాడ్పులకు ఆ జిల్లాలో ఎన్ని ఇళ్ళలో మనుషులు పోయారో అందరికీ గుర్తుంది. ఎండ గురించి ఒక్క మాట ఎత్తితే రాత్రంతా మాట్లాడేవాళ్ళు. నేను ధ్రువపు ఎలుగుబంటి ఈదడం చూపించాను.

పాళెంలో రెండో ప్రదర్శన 2022 మేలో, మళ్ళీ వేట నిషేధంలోనే. ఈసారి ఆ డాక్యుమెంటరీలోంచి మంచు ముక్క ఎనిమిది నిమిషాలు మాత్రం ఉంచుకున్నాం. మిగతాది ఊళ్ళో దొరికింది. 2021 నవంబరు వరద కుర్రాళ్ళ ఫోన్లలో ఉంది. పైన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులు దాటి వదిలి, కోవూరు దగ్గర హైవే తెగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన వరద అది. ఏటి నీళ్ళు కిందికి వస్తుంటే సముద్రం పోటు మీద ఉండి తీసుకోలేదు, నీళ్ళు పాళెంలో నిలిచాయి. రామాలయం గోడ మీద మరక ఇంకా ఉంది. ఆ వీడియోలు కుట్టి, మధ్యలో పెద్దకాపు చేత 1984 గాలి సంగతి చెప్పించి, అరగంట బొమ్మ చేశాం. ఎడిటింగ్ అంత గొప్పగా లేదు, ఒకచోట శబ్దం రెండు క్షణాలు ముందుకు పోయింది కూడా.

బొమ్మ వెయ్యకముందే మైకులో చెప్పాను. మూడేళ్ళ క్రితం నేను చెప్పిన యాభై ఏళ్ళు తప్పు, మూడు నిలువులు లేవాలంటే వేల ఏళ్ళు పడుతుంది అని. ఇప్పుడు సముద్రం ఎంత లేస్తోందో కూడా చెప్పాను. 1901 నుంచి 2018 దాకా ప్రపంచమంతటా సగటున 20 సెంటీమీటర్లు, అంటే జానెడు. 2006 తర్వాత ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు, బియ్యపు గింజ పొడవులో సగానికి కాస్త ఎక్కువ. ఒకడు నవ్వాడు, "ఇంతేనా?" అని. ఆ ‘ఇంతేనా’కి నేను భయపడ్డాను, ఈసారి పూర్తిగా చేజారిపోయింది అనుకున్నాను. పెద్దకాపే అందుకున్నాడు. "జానెడంటే తక్కువేంరా? పోటు మీద జానెడు ఎక్కువైతే నీ ఇంజను తడస్తాదా తడవదా?" గోడ మీద మరక దగ్గరికి పోయి దాని పైన జానపెట్టి చూపించాడు. మరకకు జానెడు పైన గుడి కరెంటు మీటరు ఉంది. నా దగ్గర ఉన్న ఏ గ్రాఫూ ఆ పని చెయ్యలేదు.

వరద మీద వాదన జరిగింది. గేట్లు ముందే ఎత్తకపోవడం తప్పని కొందరు, ఆ వాన అలాంటిదని కొందరు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ మోస్తుందని, అంటే అదే వాయుగుండం మరింత వాన కురిపించగలదని, అయినా గేట్ల సంగతి గేట్లదేనని చెప్పాను. రెండూ నిజం కావచ్చన్న మాటకు జనం ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మా సహోద్యోగిని కూర్చున్న చోట ఒకామె లేచింది. నెత్తళ్ళు ఎండేసుకునే నెలల్లో వాన పడుతోందని, ఎండేసినవి ముక్కిపోయి కోళ్ళ దాణా రేటుకు పోతున్నాయని చెప్పింది. 2019లో ఒక్క ఆడమనిషీ కప్ప, పొయ్యి సంగతులు తప్ప ఏదీ మాట్లాడలేదు. ఎండుచేపల గురించి నేను అడగలేదు మరి.

గండి గురించి ఆ రాత్రి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. గుడి గ్రిల్లు ఎదురుగానే ఉంది.

2023 డిసెంబరు 4న మిచాంగ్ తుపాను నెల్లూరు తీరం పొడవునా పైకి నడిచి 5న బాపట్ల దగ్గర ఒడ్డు దాటింది. అంతకు ముందురోజే పాళెంలో ఇంజన్లు విప్పి తోపు వెనక్కి మోశారు. కొన్ని ఇళ్ళవాళ్ళు ఆధార్, రేషన్ కార్డులు, బోటు కాగితాలు మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టుకుని షెల్టరుకు పోయారు. మా బొమ్మ చూసే చేశారా? తుపానంటే ఆ ఊరికి కొత్త కాదు, వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగారు, ఫోన్లలో మెసేజీలు వచ్చాయి. మా వాటా ఎంతో విడదీసి చూపించలేను. డబ్బాల ఆలోచన మాత్రం 2022 రాత్రి మాటల్లో వచ్చిందే, అది కూడా ఒక ఇంటర్ పిల్ల చెప్పింది.

దిబ్బ ఉన్నచోట అలలు దిబ్బను కొరికి ఆగాయి. గండిలోంచి మాత్రం ఉప్పునీళ్ళు నేరుగా వచ్చి దక్షిణం వీధిలో తొమ్మిది ఇళ్ళలో మోకాటి లోతు నిలిచాయి. గుంటల ఆసామివి రెండు గుంటలు గట్టు తెగి కలిసిపోయాయట, రొయ్య 60 కౌంట్ దాకా, అంటే కిలోకు అరవై తూగేంత, వచ్చి ఉందట. సంక్రాంతి ముందు కాపులు కూర్చుని దురాయి కట్టారు: దిబ్బ మీద పార పెట్టకూడదు, తోపులో కట్టె కొట్టకూడదు, ఎవరు అడిగినా, గుడికి ఏం రాయించినా. కట్టేటప్పుడు నన్ను పిలవలేదు. పిలవాల్సిన పనీ లేదు. తర్వాత విన్నాను, ఆ కూటంలో తెర లేదు, బొమ్మ లేదు, మిచాంగ్ రోజు ఒక కుర్రాడు మేడ మీంచి తీసిన నలభై సెకన్ల వీడియో ఒకటే చేతి నుంచి చేతికి తిరిగిందని. గండిలోంచి నీళ్ళు, ఆ నీళ్ళలో ఎవరిదో పీట తేలిపోతూ.

ఆ వీడియో మా దగ్గరా ఉంది. పోయిన వేట నిషేధంలో పక్క పాళెంవాళ్ళు అడిగితే పట్టుకుపోయాం. అక్కడా ఒక దిబ్బకు బేరం నడుస్తోందట. మా రిజిస్టరులో ‘విజయవంతం’ గడి పక్కన నేను ఇంకో గడి గీశాను, ‘ఆర్నెల్ల తర్వాత పోయి చూడాలి’ అని. ఆ పాళెం ఎదురుగా ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

పెద్దకాపు బాగానే ఉన్నాడు. గండి పూడ్చడానికి ఇసుక బస్తాలు వేశారు, సరుగుడు మొక్కలు పెట్టారు, సగం చచ్చాయి. పోయినసారి కనబడినప్పుడు "ఆ ఓడిపొయ్యినాయన ఎట్టుండాడు?" అని అడిగాడు.